సంపు గట్టు ఎత్తు చూశావా?

చిరంజీవి శీనూకి అత్తయ్య ఆశీస్సులు.

కాకినాడ ఇంట్లోకి సామాన్లు చేరుస్తున్నారని, లావణ్య కాన్పుకి పుట్టింటికి వెళ్ళకుండా వాళ్ళమ్మే అక్కడికొచ్చి పురుడు పోస్తుందని మీ నాన్న చెప్పాడు. మా అన్నయ్య మిమ్మల్నందరినీ అద్దె ఇళ్ళల్లోనే పెంచాడు. నువ్వు నీ కష్టంతో సొంత గోడలు లేపావు. వింటుంటే కళ్ళు చెమర్చాయిరా. ఆ వెంటనే వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాను. కాన్పు నవంబరులో. అంటే సరిగ్గా తుఫాన్ల రోజులు. 1977 నవంబరులో దివిసీమ, 1996 నవంబరులో కోనసీమ, 2014 అక్టోబరులో మా విశాఖ మీద హుద్‌హుద్... మన తీరానికి పెద్ద దెబ్బలు ఆ కాలంలోనే తగిలాయి.

గాలికి ఏం చెయ్యాలో నీకు చెప్పక్కర్లేదు. నా బెంగంతా నీళ్ళ గురించి.

హెచ్చరిక వినగానే డాబా మీది ట్యాంకు నిండా పట్టు. కరెంటు పోతే మోటారు ఆడదు. పైగా వెయ్యి లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే టన్ను బరువు, గాలి కదపలేదు. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకుని లేపేసి, దానితోపాటు పైపుల్నీ పెకలించుకుపోతుంది. మూత మాత్రం నైలాన్ తాడుతో కట్టు. గోడ బయట దిగే పైపులకి క్లాంపులు ఊగుతున్నాయేమో చూసి బిగించు. గేటు వాల్వులన్నీ ఇప్పుడే ఒకసారి తిప్పి చూడు, తుప్పుపట్టి బిగుసుకున్న వాల్వు ఆ రాత్రి తిరగదు. సెప్టిక్ ట్యాంకు తోడించాలంటే ఇప్పుడే తోడించు, తుఫాను ముందు రోజు వద్దు. నేల నీళ్ళతో నానిపోతే ఖాళీ ట్యాంకు పైకి లేచే ప్రమాదం ఉంది.

ఇక సంపు. ఇది శ్రద్ధగా చదువు.

మా ఇంటి సంపు పోర్టికోలో ఉండేది. కట్టేటప్పుడు మేస్త్రీ దాని మూతని నేలకి సమానంగా పెట్టాడు. గట్టు కడితే స్కూటరు తిరగదన్నాడు. మీ మావయ్యకీ అది నచ్చింది, చూడ్డానికి శుభ్రంగా ఉందని. ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ రాలేదు. హుద్‌హుద్ రోజున వీధి కాలువ పొంగి పోర్టికోలోకి నీళ్ళొచ్చాయి. మోకాలి లోతు కూడా లేవు. సాయంత్రానికి తీసేశాయి. ఊరంతా చెట్లు కూలి, కరెంటు లేక, కుళాయిలు రాక అల్లాడుతుంటే మా సంపు నిండుగా ఉంది. మూత తీసి చూస్తే నీళ్ళు తేటగా, అడుగు కనిపించేలా ఉన్నాయి. బకెట్లతో తోడుకున్నాం. పక్కింటివాళ్ళకీ పోశాం, పుణ్యమనుకున్నాం. తాగడానికి కాచుకున్నాం గానీ, పళ్ళు తోముకోవడానికి, కూరలు కడగడానికి ఆ నీళ్ళే.

కార్తీకం చివర్లో మా స్వాతికి అన్నం సయించలేదు. పరీక్షల బెంగేమో అనుకున్నాం. కళ్ళు పచ్చబడ్డాక తెలిసింది, కామెర్లు. ఎవరో పసరు మందు పోయించమన్నారు. వద్దని నేను పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. తుఫాను ఎప్పుడో పోయింది కదా, ఇప్పుడెందుకని డాక్టరమ్మని అడిగితే, మురుగునీటితో వచ్చే ఈ కామెర్లు ఒంట్లో చేరాక బయటపడడానికి వారాలు పడుతుందంది. అప్పుడు మీ మావయ్య సంపు పూర్తిగా తోడించి, లోపలికి మనిషిని దింపి చూపించాడు. నీళ్ళు మూత అంచుల్లోంచి దూరడం ఒకటే కాదు. సంపు పొంగితే పోవడానికి కాలువలోకి పెట్టిన ఓవర్‌ఫ్లో పైపులోంచి కాలువనీళ్ళు వెనక్కి తన్నాయి. మోటారు వైరు దిగే కన్నం కూడా పూడ్చి లేదు. మూడు దారులు! పిల్ల కోలుకుంది, ఆ యేడు చదువు మాత్రం పోయింది. మంచం పక్కన కూర్చుని కొబ్బరినీళ్ళు తాగించిన ఆ రాత్రులు ఇప్పటికీ నా గుండెల్లో ఉన్నాయి.

నీకెందుకింత వివరంగా రాస్తున్నానంటే, అదే డాక్టరమ్మ చెప్పిన ఇంకో మాట. ఈ కామెర్లలో హెపటైటిస్ ఇ అనే రకం మామూలువాళ్ళని చాలావరకు వదిలేస్తుంది గానీ, నెలలు నిండుతున్న గర్భిణికి సోకితే తల్లీబిడ్డల ప్రాణాల మీదికి తేవచ్చట. ఇప్పుడర్థమైందా నేనెందుకు నిద్రపోవడంలేదో?

కాబట్టి సంపు చుట్టూ గట్టు కట్టించు. మీ వీధిలో నీళ్ళు ఎంతవరకు నిలుస్తాయో పాతకాపుల్ని అడుగు, దానికంటే జానెడు ఎత్తుగా ఉండాలి. బండి పెట్టుకోవడానికి చోటు చాలదని సణగకు, బండి వీధిలో తడవనీ. మూతకి రబ్బరు వాషరు వేయించు. ఓవర్‌ఫ్లో పైపుకి నాన్‌రిటర్న్ వాల్వు, అంటే నీళ్ళని వెనక్కి రానివ్వనిది, పెట్టించు. వైరు కన్నం సిమెంటుతో మూయించు. సెప్టిక్ ట్యాంకుకీ సంపుకీ మధ్య ఎంత దూరముందో నువ్వే కొలువు, ప్లానులో ఉందిలే అనుకోకు.

ఇంత చేసినా నీళ్ళొచ్చి మూత మునిగిందనుకో, ఎంత తేటగా ఉన్నా ఆ నీళ్ళు ముట్టుకోవద్దు. తోడేసి, గోడలు బ్లీచింగ్‌తో కడిగించి, మళ్ళీ నింపాక వెయ్యి లీటర్లకి నాలుగు గ్రాముల లెక్కన బ్లీచింగ్ పౌడరు వేరే బకెట్లో కలిపి, తేరుకున్న నీళ్ళు మాత్రమే సంపులో పొయ్యి. అరగంట ఆగాలి. పౌడరు కొత్తది కొను, గాలి తగిలినది సత్తువ పోయి ఉంటుంది. అయినా లావణ్యకి మాత్రం తెర్లేలా కాచిన నీళ్ళే, పళ్ళు తోముకోవడానికైనా సరే. స్టార్టరు తడిస్తే ఎలక్ట్రీషియన్ చూసేదాకా మోటారు స్విచ్చి వెయ్యకు, నాన్నా. చెయ్యి వణుకుతూ రాస్తున్నాను ఈ మాట.

మేస్త్రీ ఈ వారంలో రాకపోతే మీ మావయ్యని పంపిస్తాను, ఆయనే దగ్గరుండి కట్టిస్తాడు. గట్టు లేచాక టేపు పెట్టి ఫోటో తీసి నాకు పంపు. లావణ్యని అడిగానని చెప్పు, ఎండలో మెట్లెక్కొద్దను.

నీ
అత్తయ్య