స్ప్రే మెషిన్ కొనే ముందు భాద్రపదం లెక్క వేయండి

ప్రశ్న: సార్, మాది నరసన్నపేట దగ్గర పల్లె. వయసు 36. పదహారేళ్లుగా ఇళ్లకు రంగులు వేస్తున్నాను. రోజుకు 900 కూలి. ఎండాకాలంలో నెలకు 22 రోజులు పని ఉంటుంది, వానల్లో 10 రోజులు దొరికితే గొప్ప. మా ఆవిడ బట్టలు కుట్టి నెలకు 3,000 తెస్తుంది. ఇద్దరు పిల్లలు, మా నాన్న కూడా మాతోనే ఉంటారు. ఇంటి ఖర్చు 16,000. నెలకు 2,000 చొప్పున 25 నెలల చీటీ కడుతున్నాను, 11 నెలలు అయ్యాయి. బ్యాంకులో 14,000 ఉంది. కిందటేడు వానల్లో మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి, సంక్రాంతి పనుల డబ్బుతో విడిపించాం. ఈ మధ్య భోగాపురం వైపు అపార్ట్‌మెంట్ పనికి వెళ్తే అక్కడ ఎయిర్‌లెస్ స్ప్రే మెషిన్‌తో రంగు కొడుతున్నారు. మేం ముగ్గురం రోజంతా చేసే గోడలు ఒక్కడు పూటలో ముగించాడు. విశాఖలో అడిగితే మెషిన్ 88,000, గన్ కొసన రంగు చిమ్మే టిప్పులు, పైపు అన్నీ కలిపి 98,000 అన్నారు. చీటీ ఇప్పుడే పాడుకుంటే 38,000 వస్తుంది. మిగతా 60,000 తెలిసినాయన మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు. మెషిన్ ఉంటే నెలకు 40,000 వస్తుందని షాపులో చెప్పారు. తీసుకోమంటారా? ముద్ర లోన్ అయితే మేలా?

జవాబు: ఇప్పుడు తీసుకోవద్దు. మూడు రూపాయల వడ్డీకి అయితే అసలే వద్దు.

మీ ఉత్తరాన్ని పక్కన పెట్టకుండా జవాబు రాయడానికి ఒక కారణం ఉంది. ఇదే ఉత్తరం నాకు ఏటా చాలాసార్లు వస్తుంది. ఒకసారి ఆటో అంటారు, ఒకసారి వెల్డింగ్ సెట్, ఇంకోసారి కాంక్రీటు మిల్లర్. వస్తువు మారుతుంది కానీ తప్పు మారదు. బాగా పని దొరికిన నెల సంపాదన తీసుకుని, దాన్ని పన్నెండుతో గుణించి, ఆ లెక్క మీద అప్పు తెస్తారు. షాపువాడు చెప్పిన 40,000 కూడా అలాంటిదే. ఆయన ఏ నెల గురించి చెప్పాడో మీరు అడగలేదు. నేనైతే భాద్రపదంలో ఎంత వస్తుందని అడిగేవాణ్ణి.

మీరిచ్చిన అంకెలతోనే ఏడాది లెక్క చూద్దాం. మంచి నెలలో మీ కూలి 19,800, ఇంటావిడ కుట్టుపని 3,000. మొత్తం 22,800. ఇంటి ఖర్చు, చీటీ పోగా 4,800 మిగులుతుంది. ఆగస్టు నుంచి నవంబరు దాకా నాలుగు నెలలు కూలి 9,000, కుట్టుపని 3,000, కలిపి 12,000. ఖర్చు, చీటీ కలిస్తే 18,000. అంటే నెలకు 6,000 లోటు. ఎనిమిది మంచి నెలల మిగులు 38,400. నాలుగు వాన నెలల లోటు 24,000. ఏడాది మొత్తానికి మీ చేతిలో నిజంగా మిగిలేది 14,400 రూపాయలు. మీ బ్యాంకులో ఉన్న 14,000 చూసుకోండి, లెక్క సరిపోయిందా?

ఇప్పుడు ఆ తెలిసినాయన దగ్గరికి వెళ్దాం. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. 60,000కి నెలకు 1,800, ఏడాదికి 21,600. ఇది వడ్డీ మాత్రమే. అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఏడాదికి 14,400 మిగిలే ఇంట్లోకి 21,600 వడ్డీని పిలుస్తున్నారు. ‘మెషిన్ సంపాదించి కడుతుంది’ అంటారు. వానల్లో గోడ తడిగా ఉంటే మెషిన్ మాత్రం ఏం చేస్తుంది? ఆయనకు ఒకటో తారీఖున 1,800 ఇవ్వాల్సిందే. తెలిసినాయన అన్న మాట కూడా నాకు నచ్చలేదు. తెలిసినవాడి దగ్గర బాకీ పడితే పెళ్లిళ్లలో, జాతరలో తల దించుకుని తిరగాలి. బ్యాంకువాడైతే నోటీసు పంపుతాడు, అంతే.

వానలు ఒక్కటే కాదు, మీ పనికి ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్త ఇంటికి రంగు పడేది గృహప్రవేశం ముహూర్తాన్ని బట్టి. ఆషాఢంలో, భాద్రపదంలో ముహూర్తాలు ఉండవు. ఆ నెలల్లో ఎండ కాసినా ఇంటివాళ్లు తొందరపడరు. ఇక అక్టోబరు సంగతి మన జిల్లాలవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న వచ్చాయి. తుపాను తర్వాత పనులు బాగా దొరుకుతాయని కొందరు పెయింటర్లు అనుకుంటారు. జనం ముందు పైకప్పు వేయించుకుంటారు, తర్వాత కరెంటు, మోటారు బాగుచేయించుకుంటారు. రంగు చివరి వంతు. మీ వంతు వచ్చేసరికి సంక్రాంతి వస్తుంది.

అందుకే అత్యవసర నిధి గురించి చెబుతాను. ప్రతి జవాబులోనూ ఇదే పాట పాడతానని పాఠకులు విసుక్కుంటారని తెలుసు. విసుక్కోనివ్వండి. మీలాంటి సీజను పనివాళ్లు ఒక తేడా గుర్తించాలి. వానలు అత్యవసరం కాదు. ప్రతి ఏడూ వస్తాయి, ఎప్పుడు వస్తాయో కూడా తెలుసు. వాటికోసం గాజులు తాకట్టు పెట్టాల్సి వచ్చిందంటే అది దురదృష్టం కాదు, ముందు లెక్క వేసుకోకపోవడం. కాబట్టి రెండు డబ్బాలు పెట్టుకోండి. మొదటిది వానల డబ్బా. మంచి నెలల్లో నెలకు 3,000 చొప్పున ఎనిమిది నెలలు వేస్తే 24,000. సరిగ్గా మీ నాలుగు నెలల లోటు. గాజులు మా చెల్లెమ్మ చేతికే ఉంటాయి. రెండోది అసలైన అత్యవసర నిధి. మీరు నిచ్చెన మీంచి జారితే, నాన్నగారు ఆసుపత్రిలో చేరితే, మేస్త్రీ రెండు నెలల కూలి ఎగ్గొడితే దీన్ని తీయాలి. మూడు నెలల ఇంటి ఖర్చు, అంటే 48,000 అందులో ఉండాలి. ఇప్పుడున్న 14,000 అందులో వేసి, మంచి నెలల్లో మిగిలే 1,800 దానికి కలపండి. ఈ రెండు డబ్బాలూ ఒకే ఖాతాలో ఉంటే కలిసిపోతాయి. ఒకటి పోస్టాఫీసులో, ఒకటి బ్యాంకులో పెట్టండి. ఏటీఎం కార్డు రెండోదానికి తీసుకోకపోయినా ఫర్వాలేదు.

చీటీని ఇప్పుడు పాడొద్దు. 38,000 తీసుకుని, మిగిలిన 14 నెలలూ 2,000 కడుతూ పోవడం కూడా ఒక రకం అప్పే, పేరే వేరు. చివరిదాకా ఆగితే కమిషను పోగా 47,500 దాకా చేతికి వస్తుంది. ఆ చీటీ రిజిస్టరైనది కాకుండా ఊళ్లో ఎవరో నడిపేది అయితే నాకు వేరే భయం ఉంది. ఎన్నిసార్లు చెప్పినా జనం వినరు కాబట్టి ఇక్కడ దాన్ని పెంచను.

ఇక మెషిన్ గురించి. స్ప్రే చెడ్డదని నేను అనడం లేదు. నాకు తెలిసిన విజయనగరం మేస్త్రీ ఒకాయన నాలుగేళ్లుగా దాంతోనే బతుకుతున్నారు. మీ ఉత్తరం చూపించి అడిగితే ఆయన మొదట వేసిన ప్రశ్న ‘ఆ కుర్రాడికి 517 అంటే ఏంటో తెలుసా?’ అని. నాకూ తెలీదు, చెప్పించుకున్నాను. టిప్పు మీద 517 అని ఉంటే మొదటి 5ని రెండుతో గుణించాలి. గోడకు అడుగు దూరంలో పట్టుకుంటే రంగు 10 అంగుళాల వెడల్పున పడుతుంది. 17 అంటే రంధ్రం అంగుళంలో వెయ్యింట 17 వంతులు. గోడల ఎమల్షన్‌కు అది సరిపోతుంది, తలుపుల ఎనామిల్‌కు ఇంకా సన్నది కావాలి. టిప్పు వాడేకొద్దీ రంధ్రం అరిగి పెద్దదవుతుంది, వెడల్పు తగ్గుతుంది, రంగు ఎక్కువ తాగుతుంది. ఆ రంగు లేబర్ కాంట్రాక్టులో ఇంటివాడిది, మెటీరియల్‌తో కలిపి ఒప్పుకుంటే మీది. షాపులో ఈ మాట చెప్పి ఉండరు.

చేతి పని కూడా వేరే. బ్రష్‌కి, రోలర్‌కి అలవాటైన మణికట్టు గన్ పట్టగానే చాపంలా తిరుగుతుందట. మధ్యలో మందంగా, చివర్లలో పలచగా పడుతుంది. చేతిని గోడకు సమాంతరంగా జరపాలి, కదలిక మొదలయ్యాక ట్రిగ్గర్ నొక్కాలి, ఆపేముందు వదలాలి, ప్రతి వరసా ముందు వరసలో సగం మీద పడాలి. రంగును వడకట్టకపోతే ఫిల్టర్ మూసుకుపోతుంది. పని అయ్యాక కడగకుండా పడుకుంటే తెల్లారేసరికి పంపులో రంగు గట్టిపడుతుంది. ఆ మేస్త్రీ మొదటి ఇంట్లో హాలు గోడంతా రంగు కారి, సొంత డబ్బుతో ఉప్పు కాగితం కొట్టి మళ్లీ వేయాల్సి వచ్చిందట. ఆ ఫీజు మీరు అప్పు తెచ్చి కట్టాలా?

మీకు దొరికే పని ఏ రకమో చూసుకోండి. తలుపులు, టైల్సు పడని కొత్త అపార్ట్‌మెంటులో గన్‌కు పోటీ లేదు. నరసన్నపేట చుట్టుపక్కల మీరు ఎక్కువగా చేసేది మనుషులున్న ఇళ్లలో, సంక్రాంతి ముందు, పండగకి. అక్కడ బీరువా, టీవీ, ఫ్యాను, కిటికీ, స్విచ్చులు అన్నిటికీ పేపరూ టేపూ కట్టడానికే సగం రోజు పోతుంది. ఆ సగం రోజులో మీరు రోలర్‌తో ఒక గది ముగించేస్తారు. బయట గోడలకైతే గాలి భయం. కిందటేడు మా వీధిలో ఒకరు మేడకి ఇటుక రంగు స్ప్రే చేయించారు. ఎదురింటి తెల్ల కారు మీద చుక్కలు పడ్డాయి. పాలిష్ ఖర్చు పెయింటరే పెట్టుకున్నాడు. వారం కూలి పోయిందని మా అరుగు మీద కూర్చుని చెప్పాడు.

కాబట్టి కొనే ముందు నేర్చుకోండి. భోగాపురంలో ఆ గన్ పట్టిన మనిషి దగ్గరే, కూలి 200 తగ్గినా, నెలరోజులు సహాయకుడిగా చేరండి. మాస్కింగ్ అంటే పేపరూ టేపూ కట్టడం, కడగడం, పైపు మోయడం మీకు పడతాయి. పడనివ్వండి. పెద్ద పెయింట్ కంపెనీలు పెయింటర్లకు శిక్షణ ఇస్తుంటాయి, మీరు రంగు కొనే డీలర్‌ని అడగండి. తర్వాత ఒకటి రెండు పనులకు మెషిన్ అద్దెకు తెచ్చి చేయండి. అద్దె, పోయిన రంగు, మాస్కింగ్ కూలి పోగా ఏం మిగిలిందో చిన్న పుస్తకంలో రాయండి. 40,000 మాట నిజమో కాదో ఆ పుస్తకమే చెబుతుంది.

ఇన్సూరెన్స్ సంగతి ఇక్కడే చెప్పాలి. కారు టైరులో గాలి 30–35 పీఎస్ఐ ఉంటుంది. ఈ గన్ దగ్గర రంగు రెండు మూడు వేల పీఎస్ఐ ఒత్తిడితో వస్తుంది. టిప్పు మూసుకుపోయిందని వేలితో తుడిస్తే రంగు చర్మం కిందికి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండకపోవచ్చు. కట్టు కట్టుకుని పనిలోకి వెళ్తే వేలు తీసేయాల్సి రావచ్చు. వెంటనే ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్లి, ఒత్తిడితో రంగు లోపలికి వెళ్లిందని స్పష్టంగా చెప్పాలి. టిప్పు ముట్టుకునే ముందు మెషిన్ ఆపి, ఒత్తిడి వదిలేసి, ట్రిగ్గర్ లాక్ వేయడం ఎవరైనా నేర్పితేగానీ రాదు.

మీరు ఏ పాలసీ గురించీ రాయలేదు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా, 436 రూపాయల జీవన్ జ్యోతి ఈ వారంలోనే బ్యాంకులో రాయించండి. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేక అవి ఆగిపోతుంటాయి, చూసుకోండి. అయితే సురక్షా బీమా చూసుకుని ధీమాగా ఉండొద్దు. ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు, ఒక చేయి పూర్తిగా పనికిరాకుండా పోతే లక్ష. చేతివేలు పోతే, కాలు విరిగి మూడు నెలలు మంచాన పడితే అందులో ఏమీ రాదు. పెయింటర్‌కి ఎక్కువగా జరిగేది ఆ రెండోదే. అందుకే పని చేయలేని వారాలకు డబ్బిచ్చే వ్యక్తిగత ప్రమాద పాలసీ ఒకటి తీసుకోండి. దరఖాస్తులో ఎత్తు మీద పనిచేసే పెయింటర్ అని ఉన్నదున్నట్టు రాయండి. ప్రీమియం కొంచెం పెరుగుతుంది. తగ్గించడానికి ఏజెంటు ‘వ్యాపారం’ అని రాస్తానంటే ఒప్పుకోవద్దు, రేపు క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పెయింటర్లూ చేరొచ్చు. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే చాలు. పదహారేళ్ల పనివాడికి ఆ కార్డు లేకపోతే అది బద్ధకమే.

ముద్ర లోన్ అడిగారు. మూడు రూపాయల వడ్డీ కన్నా వెయ్యి రెట్లు మేలు, కానీ ఇప్పుడు అదీ వద్దు. డీలరు వాయిదాల్లో ఇస్తానంటే ‘ఫ్లాటు’ వడ్డీ అన్న మాట దగ్గర ఆగండి. మీరు కడుతూ బాకీ తగ్గుతున్నా మొదటి మొత్తం మీదే వేసే వడ్డీ అది. రెండేళ్లకు 12 శాతం ఫ్లాటు అంటే నిజం లెక్కలో 21, 22 శాతం పడుతుంది. చేతివృత్తులవాళ్లకు లోన్ ఇచ్చే పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో తాపీ మేస్త్రీ ఉన్నాడు, పెయింటర్ లేడు. తాపీ అని రాయించి లోన్ ఇప్పిస్తామనేవాళ్లు తగిలితే దండం పెట్టి వచ్చేయండి. ముగ్గురు పెయింటర్లు కలిసి కొనడం చెప్పుకోవడానికి బాగుంటుంది. మెషిన్ ఎవరింట్లో పెట్టాలో, ఎవరు కడగాలో తేలేలోపే మాటలు పడతాయి.

చీటీ ముగిసే నాటికి మీ దగ్గర ఎంత ఉంటుందో చూడండి. ఇప్పటి 14,000, మంచి నెలల్లో వేసిన 14,400 దాకా, చీటీ 47,500. కలిపి 75,900. అందులో 48,000 ముట్టుకోకూడదు. మిగిలిన 27,900 మెషిన్ కోసం. అప్పటికి నెలకు 2,000 చీటీ భారం కూడా ఉండదు. ఆ 2,000 ఇంకొన్ని నెలలు మెషిన్ కోసం దాచి, అప్పటికీ తక్కువ పడినదానికి 50,000 లోపు శిశు ముద్ర లోన్ తీసుకుంటే వాన నెలల్లో కూడా వాయిదా కట్టగలరు. వానల డబ్బా నిండిందా, గన్‌తో ఎన్ని రోజులు పనిచేశారు, పుస్తకంలో ఏం తేలింది, ఈ మూడూ రాసి అప్పుడు మళ్లీ ఉత్తరం వేయండి. ఏ మెషిన్ అన్నది ఆ విజయనగరం మేస్త్రీనే అడిగి చెబుతాను.