పిక్కలు పట్టేస్తున్నయంటే ముందు సీటు చూస్కో తమ్మీ

నువ్వు అడిగింది ఏందంటే, హనుమకొండ నుంచి లక్నవరం దాకా ఎంటీబీ (గుట్టలల్ల తొక్కే మౌంటెన్ బైక్) మీద పోతున్న, పోయేటప్పుడు మంచిగనే ఉంటది, మర్లొచ్చేటప్పుడు ములుగు దాటంగనే పిక్కలు పట్టేస్తున్నయ్, తెల్లారి ఆఫీసుకు పోవుడు కూడ అయితలేదు, ఏం తాగాలె, ఏం తినాలె, మెగ్నీషియం గోలీలు ఏస్కోవాల్నా అని. ఎవర్ని అడిగినా అరటిపండు తిను, కొబ్బరినీళ్ళు తాగు అంటరు. అందరి ధ్యాస కడుపు మీదనే, సైకిల్ దిక్కు ఒక్కడు చూడడు. నా లెక్క ప్రకారం ముందు సీటు, తర్వాత గేరు, ఆ తర్వాత మొదటి గంటల నువ్వు పడే తొందర. ఉప్పు, అరటిపండు అన్నీ వీటి వెనుక వస్తయ్.

మా బామ్మర్ది సంగతి చెప్త. పోరడు జిమ్ముకు పోతడు, తొడలు మద్దిమాను మొద్దుల లెక్క ఉంటయ్. కొత్తగ ఎంటీబీ కొన్నడు, నాతోటి రామప్పకు వస్త అన్నడు. "రానుపోను 140 కిలోమీటర్ల దగ్గర పడ్తదిర, ఆలోచించుకో" అంటే "నడిచి పోతలేం గదా బావా" అన్నడు. కార్తీకమాసం, పొద్దుగాల స్వెట్టర్ లేకుంటే వణుకు పుట్టే చలి, అంటే చెమటలు కారే రోజులు కావు, ఇది యాదిపెట్టుకో, తర్వాత పనికొస్తది. రెండు బాటిళ్ళల్ల ఎలక్ట్రోలైట్ పొడి, అంటే ఒంటికి కావాల్సిన లవణాల పొడి, కలుపుకున్నడు, జేబులల్ల అరటిపండ్లు, ఖర్జూరాలు. తిండి విషయంల వానికి వంక పెట్టనీకి లేదు. సీటు మాత్రం రెండు కాళ్ళు నేలకు ఆనేంత కిందికి ఉన్నది, షాపుల అట్లనే బిగిచ్చి ఇచ్చిండ్రంట. జర లేపుకోర అంటే "ఆగినప్పుడు కాలు అందది బావా" అన్నడు, సరే నీ ఇష్టం అన్న.

ఆత్మకూరు దాకా నన్ను ఇడిసిపెట్టి ఉరికిచ్చిండు. ముంగట మోపెడ్ పోతుంటే దాన్ని పట్టుకోవాలె, ట్రాక్టర్ పోతుంటే దాన్ని దాటాలె, అన్నీ పెద్ద గేరు మీదనే, లేచి నిలబడి తొక్కుడు. మల్లంపల్లి కాడ చాయ్ తాగుదాం అంటే వద్దన్నడు. రామప్ప దాకా మంచిగనే వచ్చిండు, అది ఒప్పుకోవాలె. 1213ల రేచర్ల రుద్రుడు కట్టిచ్చిన గుడి అది, 2021ల యునెస్కో పేరు వచ్చినప్పటి నుంచి ఆదివారం నిలబడనీకి జాగ ఉంటలేదు, గైడు నీళ్ళల్ల తేలే ఇటుకల ముచ్చట చెప్తుంటే మనోడు మదనికల (గుడి చూరు కింది ఆడ శిల్పాల) కింద నిలబడి ఫోటోలు దిగుడే పని. చెరువు కట్ట మీద చాన సేపు కూసున్నం, కాళ్ళు సల్లబడ్డయ్.

మర్లొచ్చేటప్పుడు జంగాలపల్లి దాకా మాట్లాడుకుంట వచ్చిండు, ములుగుల మాటలు తగ్గినయ్, గట్టమ్మ గుడి కాడ ఎక్కుడు రాంగనే సప్పుడే బంద్. ఇగ తొక్కుడు కాదని దిగుదామని కాలు సీటు మీదికెళ్ళి తిప్పిండు, ఆ తిప్పుడుల తొడ వెనుక పట్టేసింది, దాన్ని పట్టుకుందామని వంగితే రెండో కాలి పిక్క పట్టేసింది. సైకిల్‌తోటి సహా ఒరిగి కొబ్బరికాయల దుకాణం ముంగట పడ్డడు. ఏం మొత్తుకున్నడో! గట్టమ్మకు కాయ కొట్టనీకి ఆగిన బండ్లోళ్ళంత యాక్సిడెంట్ అయ్యిందనుకొని ఉరికొచ్చిండ్రు.

ఇగ చూడు సలహాలు. ఒకాయన నరం మీద నరమెక్కింది, బొటనవేలు గుంజుండ్రి అంటడు. ఒకామె దిష్టి తగిలింది బిడ్డా, గా పొట్టి లాగు ఏస్కొని రోడ్డు మీద పోతే తగలదా అంటది (సైక్లింగ్ షార్ట్స్ మీద మా దిక్కు జనానికి ఉన్న కోపం మీద వేరే జవాబు రాయాలె). ఇంకొకాయన బామ్ డబ్బా తీసి కాలి వెంట్రుకలు ఊడొచ్చేటట్టు రుద్దబట్టిండు, వీడు ఇంకింత మొత్తుకునుడు. ఒక డ్రైవర్ సోడా తెచ్చి మొఖం మీద కొట్టిండు, ఎందుకో ఆయనకే తెల్వాలె. నేను అందర్ని జరిపి, వాణ్ని ఎల్లెలుకల పండవెట్టి, మోకాలు చక్కగ చాపి, పాదం ముంగటి భాగాన్ని మోకాలి దిక్కు మెల్లగ నూకి అట్లనే పట్టుకున్న. పిక్క పడితే చేసేది అదే. తొడ వెనుక పడితే మోకాలు మడవకుండ మొత్తం కాలును మీదికి లేపాలె. గుద్దుడు, పిసుకుడు వద్దు, నిదానంగ సాగదీసి ఇడిసేదాక పట్టుకోవాలె.

ఇడిసింది గానీ లేవబోతే మళ్ళ పడుతున్నది. మేడారం పోయి వస్తున్న ట్రాలీ ఆటోలకెళ్ళి ఒక పెద్దమ్మ దిగి, సద్ది ఇప్పి, నిమ్మకాయ తొక్కు ఊటతోటి సహా ఇంత వాని నోట్ల పెట్టింది, సమ్మక్క బంగారం తిను కొడుకా అని బెల్లం గడ్డ చేతుల పెట్టింది. ఆ పులుపుకు మనోని మొఖం చూడాలె. కొద్దిసేపట్ల లేచి నిలబడ్డడు. ఆడ్నే వాని సీటు నాలుగు వేళ్ళ మందం లేపిన, రెంచి కూడ అక్కర్లే, చేతితోని తిప్పే లివరే ఉంది, అయినా ఒక్కడు తిప్పడు. చిన్న గేరు ఏసి నా వెనుకనే రా, దాటినవంటే చూడు అన్న. పొద్దుగూకెవరకు హనుమకొండ చేరినం, తొవ్వల మళ్ళ పట్టలే.

తొక్కు ముచ్చటకు నవ్వకు. 2010ల అమెరికాల దీని మీద పరీక్ష చేసిండ్రు. కరెంటు పెట్టి కాలి బొటనవేలి కింది కండను కావాల్నని పట్టేసేటట్టు చేసి, ఒకసారి ఉత్త నీళ్ళు, ఒకసారి ఊరగాయ నీళ్ళు తాగిచ్చిండ్రు. ఊరగాయ నీళ్ళు తాగినప్పుడు చాన ముందు ఇడిసింది. తాగిన ఉప్పు పేగులకెళ్ళి రక్తంల కలవనీకి అంత జల్ది కాదు, అంటే గొంతుకు తగిలిన ఆ పులుపే నరాలను మళ్ళిచ్చి ఉంటది అని వాళ్ళ అంచనా. వాళ్ళది సిర్కల ఏసిన దోసకాయ, మనది నిమ్మకాయ, ఏదైతే ఏంది పులుపు పులుపే. 2011ల ఇంకోటి వచ్చింది, దక్షిణాఫ్రికాల ఈత, సైకిల్, ఉరుకుడు మూడూ ఉండే ఐరన్‌మ్యాన్ పోటీల 210 మందిని ముందు వెనుక తూకం ఏసి, రక్తం తీసి చూసిండ్రు. కాళ్ళు పట్టినోళ్ళకు, పట్టనోళ్ళకు ఒంట్ల నీళ్ళ కాడ గానీ సోడియం కాడ గానీ చెప్పుకునేంత తేడా లేదు. పట్టినోళ్ళంత ఎక్కువ స్పీడు పోయినోళ్ళు, ఇదివరకు కూడ పట్టినోళ్ళు. మా వాడు అదే గదా, చలికాలం, ఎలక్ట్రోలైట్ నీళ్ళు కడుపునిండ, అయినా పడ్డడు. అలిసిన కండ పట్టేస్తది, అంతే. అంగీ ఆరినంక తెల్లగ ఉప్పు చారలు కట్టేటోళ్ళు కొందరుంటరు, ఎండల వాళ్ళకు ఉప్పు కావాల్సిందే, కాదంటలేను.

సీటు కొలత ఇట్ల చూస్కో. బూట్లు ఏస్కొని గోడకు ఆనుకొని సైకిలెక్కు, పెడల్ కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టు, మోకాలు పూర్తిగ చక్కగ రావాలె. నిజంగ తొక్కేటప్పుడు పాదం ముంగటి భాగం పెడల్ మీద ఉంటది గాబట్టి మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగుతది, అది సరైన వంపు. ఇంకా లేపితే నడుం అటిటు ఊగుతది, వేళ్ళ మీద తొక్కవడ్తవ్, అప్పుడు కూడ పిక్క పోతది. ఇనుపరాతి గుట్టల దిక్కు దిగుడు తొవ్వలల్ల సీటు దింపుకో, తారు రోడ్డు మీద మళ్ళ లేపు. గేరు అంటవా, నిమిషానికి 80 సార్లు తిరగాలె కాలు, 15 సెకన్లల్ల కుడి మోకాలు 20 సార్లు లేస్తుందా చూస్కో సరిపోతది. బరువు గేరు తొక్కుడు మగతనం అనుకునేటోళ్ళు మస్తు మంది ఉన్నరు, వాళ్ళంత గట్టమ్మ కాడ తేల్తరు. టైర్లల్ల గాలి కూడ, గుట్టలల్ల పోయే 25, 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి లెక్క)తోటి 70 కిలోమీటర్ల తారు మీద పోతే రోడ్డు నిన్ను వెనుకకు గుంజుతనే ఉంటది, 40 దాకా కొట్టిచ్చు, టైరు పక్కన రాసినదాన్ని మాత్రం దాటకు. ముంగటి షాకప్‌కు లాక్ ఉంటే తారు మీద లాక్ చెయ్యి. వెనుక కూడ స్ప్రింగు పెట్టి సస్తగ అమ్మే సైకిళ్ళున్నయ్ చూడు, బరువు దాంది, ఊగుడు దాంది, తొక్కుడు నీది. అవి అమ్మేటోళ్ళకు ఒక్కసారి ఏటూరునాగారం దాకా తొక్కమని శిక్ష ఏయాలె.

నీరసం సంగతి వేరే, దానికి తిండే. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలె, ఒక అరటిపండుల 25 గ్రాముల దగ్గర ఉంటది, లెక్క ఏస్కో. ఆకలైనంక తినుడు కాదు, మొదటి గంటల్నే షురూ చెయ్యాలె. నేను ఇంట్ల జొన్న అంబలి సల్ల కలిపి తాగి ఎల్లుత, జేబుల సర్వపిండి ముక్కలు, బెల్లం. బాటిల్‌ల ఓఆర్ఎస్ అయితే మందుల షాపుల దొరికే 20.5 గ్రాముల పొట్లం, లీటర్ నీళ్ళకు ఒకటి. అర లీటర్‌ల మొత్తం గుమ్మరిస్తే కడుపుల తిప్పుతది. డబ్బాలల్ల అమ్మే తీపి జ్యూసులను ఓఆర్ఎస్ అనుకొని తాగినోళ్ళు ఎంత మందో, హైదరాబాద్ల పిల్లల డాక్టరమ్మ ఒకామె ఏండ్లకేండ్లు కొట్లాడితే 2025 అక్టోబర్‌ల గదా ఆ పేరు పెట్టొద్దని ఆర్డర్ వచ్చింది! ఉత్త నీళ్ళు లీటర్లకు లీటర్లు తాగుడు కూడ మంచిది కాదు, రక్తంల సోడియం పడిపోతది, దూప అయినంత తాగు.

ఇంకోటి, వారమంత కుర్చీల కూసొని ఆదివారం ఒక్కసారే లక్నవరం అంటే ఏ కాలు ఒప్పుకుంటది? మధ్యల కాకతీయ కాలువ కట్ట మీద 30, 40 కిలోమీటర్లు తొక్కు, మట్టి తొవ్వ, ఎంటీబీ కొన్నది గందుకే గదా. మెయిన్ రోడ్డు మీద ఇసుక లారీల దుమ్ము తినుకుంట పోయే బాధ కూడ ఉండదు.

మెగ్నీషియం గోలీలు అడిగినవ్ గదా, 2020ల వైద్య పరిశోధనలను జమచేసి చూసే కోక్రేన్ వాళ్ళు ఉన్న ట్రయల్స్ (మనుషుల మీద చేసిన పరీక్షలు) అన్నీ ముంగటేసుకొని చూస్తే ముసలోళ్ళకే అది పెద్దగ పని చేస్తలేదని తేలింది, కసరత్తుల వచ్చే పట్టుడు మీద అయితే వాళ్ళకు సరైన ట్రయల్ ఒక్కటి దొరకలే. ఆ పైసలతోటి మంచి గాలి పంపు కొనుక్కో. రైడ్ తెల్లారి కండలు బాగ వాచి మూత్రం ముదురు గోధుమ రంగుల వస్తే మాత్రం నన్ను అడగకు, సీదా దవాఖానకు పో, అది కిడ్నీల ముచ్చట.

నీ ఎత్తు ఎంతో, ఫ్రేము సైజు ఎంతో రాయి. ఫ్రేమే చిన్నదైతే సీటు ఎంత లేపినా ఫాయిదా ఉండదు.