పెద్ద హాలుకు వెళ్లే ముందు

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నెలకోసారి మీరు జరిపే డీజే డ్యాన్స్ రాత్రికి మూడేళ్ల కిందట యాభై మంది వచ్చేవాళ్లు. ఇప్పుడు రెండు వందల మంది పట్టే గది నిండిపోయి, ఇంకో వంద మంది టికెట్ దొరక్క వెనక్కి పోతున్నారు. ఎనిమిది వందల మంది పట్టే హాలు వాళ్లు పిలిచారు, డబ్బు పెట్టడానికి ఒక స్పాన్సర్ సిద్ధంగా ఉన్నాడు. మీ టీమ్‌లో సగం మంది పోదామంటున్నారు. మిగతా సగం ‘మనది అండర్‌గ్రౌండ్, అలాగే ఉండాలి’ అని అలిగి కూర్చున్నారు. ఆదివారంలోపు హాలు వాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి. నీ టెన్షన్ నాకు అర్థమవుతోంది. నేనూ ఇదే పడ్డాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చదువుకో. మీ సంగీతం ఇంకా ఎక్కువ మందికి చేరాలి. కానీ దానికోసం ఉన్న గదిని సాగదీయొద్దు. పక్కన రెండో గది తెరవండి, ఆ తర్వాత మూడోది.

ముందు ఆ అలిగినవాళ్ల సంగతి. వాళ్ల మీద కోపం తెచ్చుకోకు. వాళ్లు కాపాడాలనుకుంటున్నది నిజమైన వస్తువే. అయితే ఎవరికీ తెలియకుండా ఉండటమే గొప్ప అనుకుంటే పొరపాటు. నేను మొదట ఉన్న బృందంలో నలభై మందిమి. ఎక్కడ జరుగుతుందో మాకు తప్ప ఎవరికీ చెప్పేవాళ్లం కాదు. కొత్తగా ఎవరైనా వస్తే ‘వీడికేం తెలుసు’ అన్నట్టు చూసేవాళ్లం. ఒంటరిగా వచ్చిన ఒక అమ్మాయి రాత్రంతా స్పీకర్ పక్కన నిలబడి, ఎవరూ పలకరించక, మళ్లీ రాలేదు. ఆ అమ్మాయి ముఖం ఇప్పటికీ గుర్తుంది నాకు. నాలుగేళ్లు తిరిగేసరికి కొందరికి ఉద్యోగాలు, కొందరికి పిల్లలు, కొందరు ఊళ్లు మారారు. ఆఖరి రాత్రి గదిలో పదకొండు మందిమి, అందులో నలుగురు డీజేలమే. కొత్తవాళ్లను రానివ్వలేదు కాబట్టి మా తర్వాత తాళంచెవి తీసుకోవడానికి ఎవరూ లేకపోయారు.

అందుకే పెరగొద్దని నేను అనను. ఎలా పెరిగితే ఏమవుతుందో మాత్రం చూసి తెలుసుకో.

లవ్ పరేడ్ సంగతి నీకు తెలుసు కదా. 1989 జులైలో, బెర్లిన్ గోడ కూలడానికి నాలుగు నెలల ముందు, డాక్టర్ మొట్టే అనే డీజే పిలిస్తే పడమటి బెర్లిన్‌లో ఓ నూటయాభై మంది సౌండ్ సిస్టమ్ కట్టుకుని వీధిలో ఆడుతూ నడిచారు. దాన్ని రాజకీయ ప్రదర్శనగా నమోదు చేయించారు. పదేళ్లలో అది లక్షల మంది జనం అయింది. అంత పెద్దదయ్యాక 2001లో ప్రదర్శన అన్న హోదా పోయింది, చెత్త తీసే ఖర్చు దగ్గర్నుంచీ అన్నీ నిర్వాహకుల నెత్తిన పడ్డాయి. 2004, 2005లో డబ్బుల్లేక జరగనే లేదు. తర్వాత ఒక జిమ్‌ల కంపెనీ డబ్బు పెట్టింది, పరేడ్ బెర్లిన్ వదిలి వేరే ఊళ్లు తిరిగింది, మొట్టే దానికి దూరమయ్యాడు. 2010 జులై 24న డూయిస్‌బుర్గ్‌లో, పాత రైల్వే గూడ్స్ యార్డులో జరిపారు. లోపలికి పోవడానికీ బయటికి రావడానికీ సొరంగాల గుండా వెళ్లే ఒకే ర్యాంపు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అక్కడే ఎదురుపడ్డారు. తొక్కిడిలో 21 మంది చనిపోయారు. లవ్ పరేడ్ మళ్లీ జరగలేదు.

నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు ఇది. ఎనిమిది వందలకూ లక్షలకూ పోలిక లేదని నాకూ తెలుసు. కానీ వరస చూడు. ముందు జనం పెరిగారు, జనంతో ఖర్చు, ఖర్చుతో డబ్బున్నవాడు వచ్చాడు. చివరికి ఎక్కడ జరపాలి, ఎలా జరపాలి అని నిర్ణయించేది మొదట ఆడినవాళ్లు కాకుండా పోయారు. ఈ వరస ఎనిమిది వందల దగ్గర కూడా అంతే. నీకు ఉత్తరం రాసింది హాలు వాళ్లే కదా, స్పాన్సర్‌ను తెచ్చింది కూడా వాళ్లే. అప్పుడే రెండు మెట్లు ఎక్కేశావు.

ఇప్పుడు ధ్వని గురించి. ఇది టీమ్‌లో అందరికీ చదివి వినిపించు.

డబ్‌స్టెప్ అంటే లోతైన బేస్ మీద నడిచే డ్యాన్స్ సంగీతం. దక్షిణ లండన్‌లో పుట్టినప్పుడు అది చిన్న గదుల సంగీతం. 2005లో మాలా, కోకి, లోఫా బ్రిక్స్టన్‌లో డీఎంజెడ్ అనే రాత్రి మొదలుపెట్టారు. చీకటి గది, భారీ సబ్‌వూఫర్లు. 2006 జనవరిలో బీబీసీ రేడియో 1లో మేరీ యాన్ హాబ్స్ ఈ సీన్‌లో ఉన్నవాళ్లను పిలిచి ఒక షో చేసింది. రెండు నెలల తర్వాత డీఎంజెడ్ మొదటి పుట్టినరోజుకు క్యూ ఎంత పెరిగిందంటే, అప్పటికప్పుడు పై అంతస్తులోని పెద్ద హాల్లోకి మార్చాల్సి వచ్చింది. అది వాళ్లకు మంచి రాత్రే. ఎందుకంటే డీజేలు వాళ్లే, వచ్చిన జనం ఆ సంగీతం కోసమే వచ్చారు. పెద్ద గదికి పోవడమే తప్పు అని నేను అనకపోవడానికి ఈ రాత్రి కూడా ఒక కారణం.

కానీ ఆ తర్వాత కొన్నేళ్లకు ఆ సంగీతం ఫెస్టివల్ స్టేజీలకూ, ల్యాప్‌టాప్ స్పీకర్లకూ వెళ్లింది. నలభై, యాభై హెర్ట్జ్ దగ్గరుండే బేస్ ఛాతీకి తగులుతుంది. ఫోన్ స్పీకర్లో అది వినపడనే వినపడదు. అందుకని ఆ బేస్ వెనక్కి తగ్గి, మధ్య స్థాయిలో గరగరలాడే శబ్దాలు ముందుకొచ్చాయని నా నమ్మకం. ఎవరూ కావాలని చేసింది కాదు. గది మారితే ట్రాక్ చేసేవాడి చెవి కూడా మారుతుంది. ఏది వేస్తే జనం ఒక్కసారి అరుస్తారో అదే వేయాలనిపిస్తుంది. నెమ్మదిగా ఎక్కే ట్రాక్ వేయడానికి ధైర్యం చాలదు.

నాకే అయింది ఇది. మా రెండో బృందం బాగా నడుస్తున్న రోజుల్లో ఆరు వందల మంది పట్టే హాలుకు మారాం. రాత్రి మొదట్లో వాయించే వార్మప్ డీజేకు ఎప్పుడూ మూడు గంటలు ఇచ్చేవాళ్లం, అక్కడ నలభై నిమిషాలకు తగ్గించారు. జనం పోస్టర్ మీద పెద్దక్షరాల్లో ఉన్న పేరు కోసం అర్ధరాత్రికి వచ్చి, అతను దిగగానే వెళ్లిపోయారు. మా పాతవాళ్లు బార్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేనూ నా సెట్లో మొదటి పది నిమిషాల్లోనే పెద్ద ట్రాకులన్నీ వేసేశాను. ఖాళీ అవుతుందేమోనన్న భయం. ఆ రాత్రి డబ్బు బాగానే వచ్చింది. ఏడాది తర్వాత మా పేరు హాలు వాళ్ల దగ్గర ఉండిపోయింది, మేం బయటున్నాం. మా పేరుతో మాకు తెలియనివాళ్లు రాత్రులు జరిపారు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు మేము.

అందుకని నీకు చికాగో కథ కూడా చెప్పాలి. 1977లో వేర్‌హౌస్ అనే క్లబ్‌లో ఫ్రాంకీ నకల్స్ రెసిడెంట్ డీజేగా, అంటే ఎప్పుడూ అక్కడే వాయించే డీజేగా, చేరాడు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు, లాటినోలు, గే మనుషులు. హౌస్ అనే డ్యాన్స్ సంగీతానికి ఆ పేరు ఈ క్లబ్ పేరు నుంచే వచ్చిందంటారు. అది పేరు తెచ్చుకున్నాక టికెట్ ధర పెంచారు, జనం మారారు. 1982లో నకల్స్ బయటికొచ్చి పవర్ ప్లాంట్ అని తనదే ఒక క్లబ్ పెట్టాడు. పాత క్లబ్ నడిపినవాళ్లు రాన్ హార్డీ అనే డీజేతో మ్యూజిక్ బాక్స్ అనే క్లబ్ నడిపారు. ఇద్దరి తీరూ వేరు, ఒకడిది నున్నగా, ఇంకొకడిది మొరటుగా, వేగంగా. చికాగో పిల్లలు ఇద్దరి దగ్గరికీ పోయి విని ట్రాకులు చేశారు. ఒక గది రెండయ్యాక సంగీతం బలపడింది. వాళ్లది గొడవతో అయింది. నువ్వు గొడవ లేకుండా చేసుకోవచ్చు.

ఎలాగంటే, మీ టీమ్‌లో చిన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, ముందుగా వచ్చి కేబుళ్లు మోసేవాళ్లు. వాళ్లకు వేరే తేదీ, వేరే చిన్న గది, వేరే పేరు ఇప్పించు. మొదటి మూడు రాత్రులకు మీ సౌండ్ సిస్టమ్ ఊరికే ఇవ్వు. లైనప్‌లో వేలు పెట్టకు. నీకు నచ్చని ట్రాకులు వేస్తారు, వేయనీ. టికెట్ దొరకని ఆ వంద మందికి అదే చోటు.

పెద్ద హాలు పూర్తిగా వద్దనుకోనక్కర్లేదు. ఏడాదికి ఒక్కసారి, మీ వార్షికోత్సవానికి తీసుకో. కానీ షరతులు నీవి. రాత్రి పేరు మీ పేరు మీదే ఉంటుందని రాయించుకో. ఎనిమిది వందల చోట ఆరు వందల టికెట్లే అమ్ము, చదరపు మీటరుకు ఐదుగురు దాటితే మనిషి తన అడుగు తాను వేయలేడు. సౌండ్ సిస్టమ్ మీదే తీసుకెళ్లు, హాలు వాళ్ల స్పీకర్లు ఎంత మెరుస్తున్నా సరే. స్పాన్సర్ బోర్డు గుమ్మం దాకానే, డ్యాన్స్ ఫ్లోర్ మీద కాదు. వాళ్లు ఒప్పుకోకపోతే నీకు జవాబు దొరికినట్టే, ఆదివారం దాకా ఆగక్కర్లేదు.

తలుపు దగ్గర మొరటు మనిషిని పెట్టొద్దు. సంగీతం తెలిసిన మనిషిని పెట్టు. వచ్చినవాళ్లకు ‘ఈ రాత్రి ఎవరు వాయిస్తున్నారో తెలుసా, మొదటిసారా?’ అని అడిగితే చాలు. మొదటిసారి వచ్చినవాళ్లను లోపల ఎవరో ఒకరు పలకరించాలి. ఆ పని ఒకరికి అప్పజెప్పు, దానికి డబ్బు కూడా ఇవ్వు. ఫోన్ల విషయంలో బెర్లిన్ క్లబ్బుల పద్ధతి నాకు నచ్చుతుంది, లోపలికి వచ్చేముందే కెమెరా మీద ఒక స్టిక్కర్. వీడియో తీయరని తెలిస్తే మనిషి ఆడే తీరే మారిపోతుంది.

చెవుల గురించి కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి చోట్లకు ఒక ప్రమాణం ఇచ్చింది. పదిహేను నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని. తలుపు దగ్గర ఇయర్‌ప్లగ్‌లు ఉచితంగా పెట్టు. నా ఎడమ చెవిలో పదిహేనేళ్లుగా సన్నటి ఈల మోగుతూనే ఉంది, ఇది రాస్తున్నప్పుడు కూడా. మంచినీళ్లు ఎప్పుడూ ఊరికే ఇవ్వాలి, ఇందులో వాదన లేదు.

డీజేలకు డబ్బు ఇవ్వు. మూడేళ్లుగా రెసిడెంట్లు ప్రేమతో ఊరికే వాయిస్తున్నారని గర్వంగా రాశావు. నాకది బాధనిపించింది. బయటినుంచి వచ్చే పేరుకు బోలెడు ఇచ్చి, ప్రతి నెలా గదిని నిలబెట్టేవాళ్లకు ఏమీ ఇవ్వకపోతే వాళ్లు ఒకరోజు నిశ్శబ్దంగా వెళ్లిపోతారు. పెద్ద హాలు రాత్రి మిగిలే డబ్బు ముందు వాళ్లదే.

ఇంకో మాట, నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నది. ఎంతమంది వస్తున్నారని లెక్కపెట్టడం తేలిక. ఎవరు రావడం మానేశారో చూడటం కష్టం. ఈ సంగీతాన్ని తయారుచేసినవాళ్లు వేరే క్లబ్బుల్లో చోటు దొరకనివాళ్లు. న్యూయార్క్‌లో డేవిడ్ మన్కూసో 1970 నుంచి తన ఇంట్లోనే ఆహ్వానం ఉన్నవాళ్లకు పార్టీలు జరిపాడు, మందు అమ్మకుండా. ఎవరినీ దూరం పెట్టడానికి కాదు ఆ ఆహ్వానం, లోపలున్నవాళ్లు భయం లేకుండా ఆడటానికి. మీ గది పెద్దదైతే ముందుగా జారిపోయేది అలాంటివాళ్లే. వాళ్లు గొడవ చేయరు, ఊరికే రావడం మానేస్తారు. మొదటి ఏడాది వచ్చినవాళ్లలో ఇప్పుడు కనిపించనివాళ్లకు నువ్వే ఫోన్ చెయ్. ఎందుకు రావడం లేదని అడుగు, మధ్యలో సర్దిచెప్పకు.

సంగీతం దూరం వెళ్లడానికి గది పెరగాల్సిన పని లేదని అలిగినవాళ్లకూ, పోదామన్నవాళ్లకూ ఇద్దరికీ చెప్పు. డెట్రాయిట్‌లో అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే టెక్నో సంగీత బృందం వాళ్లు ముఖాలకు ముసుగులు వేసుకుని, పెద్ద కంపెనీలకు దూరంగా, తమ రికార్డులు తామే వేసుకున్నారు. 1991లో బెర్లిన్‌లో ట్రెజర్ క్లబ్ తెరుచుకుంది. ఆ ఏడాదే ఆ క్లబ్ లేబుల్ మీద వచ్చిన మొదటి రికార్డు చేసింది వీళ్ల మనుషులే. మీవాళ్లు చేసిన ట్రాకులు ఎక్కడున్నాయి? హార్డ్ డిస్కుల్లో మగ్గుతున్నాయి కదా. ఓ నాలుగు ట్రాకులు ఈ ఏడాది సరిగ్గా మాస్టర్ చేయించి బయటికి వదలండి.

శనివారం సాయంత్రంలోపు హాలు ప్లాన్ ఫొటో తీసి పంపు. ఎమర్జెన్సీ తలుపులు ఎన్ని ఉన్నాయి, ఏవైపు తెరుచుకుంటాయి అన్నది ముందు చూడాలి. అగ్రిమెంట్ కాగితాలు కూడా పంపు, నేను చదివి ఫోన్ చేసేదాకా సంతకం పెట్టకు.

నీ అన్న