ఒక పదాన్ని ఎన్నిసార్లు చూశామో లెక్కపెట్టకుండానే ఎలా చెప్పగలుగుతాం?

మనోవిజ్ఞాన శాస్త్రవేత్త డగ్లస్ హింట్జ్‌మన్ 1988లో వివరించిన మినర్వా 2 అనే జ్ఞాపకశక్తి నమూనా ప్రకారం, చూసిన ప్రతిసారీ మెదడులో విడిగా ఒక జాడ మిగులుతుంది. పదం మళ్ళీ కనబడగానే దాన్ని పోలిన జాడలన్నీ ఒకేసారి స్పందిస్తాయి. ఆ మొత్తం బలం ఒక హద్దు దాటితే ‘ఇది చూశాను’ అంటాం. అది ఎంత ఎక్కువుంటే అన్నిసార్లు చూశామనుకుంటాం. గుర్తుపట్టడానికీ లెక్కకూ ఆధారం ఒకటే కావడం ఈ నమూనాలోని అందం.

తప్పులూ అక్కడే పుడతాయి. పోలికున్న పదాల జాడలు కలిసిపోయి, చూడనిది కూడా చూసినట్టే ఉంటుంది. ఇంకో పొరపాటూ ఉంది: అన్నేసార్లు వచ్చినా, వరసగా వచ్చినవాటికంటే ఎడమెడంగా వచ్చినవి ఎక్కువసార్లు వచ్చినట్టు తోస్తాయి.

గుర్తొచ్చిన ఉదాహరణలనే నమ్ముకుంటే మరో చిక్కు. 1973లో ప్రచురించిన ప్రయోగంలో మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ 39 పేర్లు వినిపించారు. అందులో ప్రసిద్ధులైన స్త్రీలు 19 మంది, అంత పేరులేని పురుషులు 20 మంది ఉంటే, స్త్రీల పేర్లే ఎక్కువన్నారు విన్నవాళ్ళలో చాలామంది; ప్రసిద్ధుల పేర్లు తేలిగ్గా గుర్తొస్తాయి మరి.