అప్పు చేయకుండా ఇటలీ పల్లెల్లో ఇరవై రాత్రులు

ప్రశ్న: మేము రాజమహేంద్రవరంలో స్థిరపడిన విశ్రాంత ఉపాధ్యాయ దంపతులం. నాకు 63 ఏళ్లు, నా భార్యకు 61. ఇద్దరి పింఛన్లలో ఖర్చులు పోగా నెలకు 40,000 రూపాయలు మిగులుతున్నాయి. వైద్యానికని దాచిన 8 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లలో 14 లక్షలు ఉన్నాయి. మరో 14 నెలలకు, జూన్‌లో, ఇటలీలోని చిన్న ఊళ్లను తీరికగా చూసి రావాలని ఉంది. ఒక ఏజెంటు 9 రాత్రుల్లో ఏడు నగరాలు చూపడానికి మనిషికి 2.9 లక్షలు అడిగారు. ఫండ్లు అమ్మాలా, మా అబ్బాయి చెప్పినట్లు పర్సనల్ లోన్ తీసుకోవాలా?

సమాధానం: రెండూ వద్దండీ. ప్రయాణాన్ని జూన్ నుంచి సెప్టెంబరు చివరికి జరిపితే మీ పొదుపే సరిపోతుంది. అప్పటికి ఎండ తగ్గుతుంది, ద్రాక్ష కోతలు సాగుతుంటాయి, వేసవి రద్దీతో పెరిగిన గదుల అద్దెలు దిగుతాయి. ఆగస్టును మాత్రం అసలు ఎంచుకోవద్దు. 15వ తేదీన వచ్చే ఫెర్రాగోస్తో పండుగ చుట్టూ ఇటాలియన్లే సెలవుల మీద బయలుదేరుతారు.

నా అంచనా ఇది. యూరోను ముందుజాగ్రత్తగా 115 రూపాయలుగా వేసుకున్నాను. ఇద్దరికీ కలిపి బస రాత్రికి 90 యూరోల చొప్పున 20 రాత్రులకు 1,800, భోజనానికి 1,050, రైళ్లు, బస్సులు, కొన్ని రోజుల అద్దె కారుకు 600, ప్రవేశ రుసుములకు, బస చేసిన చోట మనిషికి రాత్రికి ఇంతని వసూలు చేసే పర్యాటక పన్నుకు 300. మొత్తం 3,750 యూరోలు, అంటే సుమారు 4.3 లక్షలు. విమాన టికెట్లకు 1.6 లక్షలు, వీసా, బీమాలకు 40,000, అనుకోని ఖర్చులకు 60,000 కలిపితే 6.9 లక్షలు. ఏజెంటు 9 రాత్రులకు అడిగినది 5.8 లక్షలని గమనించండి. పైగా విదేశీ టూర్ ప్యాకేజీపై మొదటి రూపాయి నుంచే టీసీఎస్, అంటే అమ్మేవారే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తారు. అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ, అంతవరకు మీ డబ్బు చేతిలో ఉండదు. మీరే బుక్ చేసుకుంటే, 2025 ఏప్రిల్ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల లోపు విదేశీ చెల్లింపులకు ఆ బెడద లేదు.

ఈ లెక్క నిలబడాలంటే నిదానంగా తిరగాలి. రోజుకో ఊరు మారితే ప్రతిసారీ టికెట్లు, హోటల్ భోజనం తప్పవు. అదే ఒకచోట వారం ఉంటే అద్దెలో తగ్గింపు అడగవచ్చు, వంటగది ఉన్న ఇల్లు దొరికితే సంతలో కూరగాయలు కొనుక్కుని ఒక పూట ఇంట్లోనే వండుకోవచ్చు. మొదటి వారం మధ్య ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతంలో, స్పెల్లో అనే ఊళ్లో ఉండమంటాను. స్టేషను ఊరి కిందే ఉంటుంది, అసిసికి పది నిమిషాల రైలు ప్రయాణం. తరువాత ఓర్వియేతో, అక్కడ స్టేషను ఎదుటి నుంచే ఫ్యునిక్యులర్ అనే, తీగతో లాగే కొండ రైలు, కొండ మీది ఊరికి తీసుకువెళుతుంది. ప్రాంతీయ రైళ్ల ఛార్జీలు స్థిరంగా ఉంటాయి కనుక వాటిని ముందే కొనే తొందర అక్కరలేదు.

టస్కనీలో పియెంజా ఉన్న వాల్ దోర్చా లోయ పల్లెలకు, దాని పక్కనే ఉన్న మోంతెపుల్చానోకు మాత్రం రైలు ఆసరా తక్కువ. కారును ఆ చివరి ఐదారు రోజులకే తీసుకోండి. ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి. పాత ఊళ్ల నడిబొడ్డున జెడ్‌టీఎల్ అనే వాహన నియంత్రణ ప్రాంతాలు ఉంటాయి. కెమెరా పట్టిన తప్పుకు జరిమానా నెలల తరువాత ఇంటికి వస్తుంది, అద్దె సంస్థ తన రుసుమును వేరుగా లాగుతుంది. కారును ఊరి వెలుపలి పార్కింగులోనే వదలండి. ఆ పల్లెల్లో అగ్రితురిస్మో అనే రైతు ఇళ్లలో బస చేయండి. వ్యవసాయమే ప్రధాన వృత్తిగా ఉండాలని చట్టం నిర్దేశించడం వల్ల, భోజనంలో సొంత పొలం పంట ఉంటుంది. శాకాహారులైతే బుకింగ్ నాడే తెలియజేయండి.

ఇక పొదుపు. నెలకు 25,000తో 12 నెలల రికరింగ్ డిపాజిట్, 15,000తో 17 నెలలది, రెండు తెరవండి. మొదటిది ఏప్రిల్‌లో చేతికి వస్తుంది. ఇటలీకి కావలసిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు కనుక టికెట్లకు, వీసాకు, బీమాకు అది సమయానికి అందుతుంది. ఆ తరువాత ఐదు నెలలు, నెలకు 25,000తో, విదేశీ డబ్బును ముందే నింపుకునే ఫారెక్స్ కార్డులో యూరోలను విడతలుగా నింపుకుంటూ పోతే, రేటు ఒక్కసారిగా పెరిగినా దెబ్బ తగ్గుతుంది. క్రమంగా పెరిగిన ఖాతా నిల్వ వీసా పత్రాల్లోనూ మేలు చేస్తుంది. చివరి వారంలో హఠాత్తుగా వచ్చి పడిన పెద్ద మొత్తం అనుమానాలకు తావిస్తుంది. దుకాణంలో యంత్రం రూపాయల్లో చెల్లిస్తారా అని అడిగితే యూరోలనే ఎంచుకోండి.

బీమా దగ్గర దయచేసి పొదుపు చూడవద్దు. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య రక్షణ కావాలి. ఈ వయసులో అంతకు మించి తీసుకోవడమే మంచిది. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి. దాచిన జబ్బు వల్ల క్లెయిమ్ తిరస్కరణకు గురైతే ఆ బిల్లు మీ 8 లక్షల డిపాజిట్టు మీదే పడుతుంది. ఆ డిపాజిట్టును గానీ, ఫండ్లను గానీ ఈ ప్రయాణం కోసం కదిలించకండి. ఒకవేళ మధ్యలో ఏ ఖర్చో వచ్చి పొదుపు 60,000 మేర తగ్గితే, ఓర్వియేతోలో నాలుగైదు రాత్రులు తగ్గించుకోండి గానీ స్పెల్లో వారాన్ని మాత్రం అలాగే ఉంచండి.