లీడర్‌షిప్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తానంటే నాలుగు వేలు కట్టొచ్చా?

రాజోలు దగ్గర లంక ఊరి నుంచి ఒక తండ్రి అడిగారు. అమ్మాయి ఈ ఏడే డిగ్రీలో చేరింది, కాలేజీలో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీర్, సాయంత్రాలు ఇంటి అరుగు మీద చుట్టుపక్కల పిల్లలకు లెక్కలు చెబుతుంది. సేవ చేసే పిల్లలకు లీడర్‌షిప్ స్కాలర్‌షిప్ ఉంది, నాలుగు వేలిస్తే నేను చూసుకుంటానన్నాడట ఒకాయన. కొబ్బరి దింపు డబ్బులు చేతిలో ఉన్నాయి, కట్టేయమంటారా అని.

వద్దండీ. స్కాలర్‌షిప్‌కి ఎదురు డబ్బులు కట్టడమేంటి?

ముందు ప్రభుత్వం ఇచ్చేవాటి సంగతి చూడండి. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒకటి. కేంద్రానిది ఇంకోటి ఉంది, ఇంటర్ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో (అంటే నూటికి 80 మంది కన్నా ముందు) ఉండి, ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపుంటే డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000 ఇస్తారు, కానీ అది తీసుకుంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ కుదరదు, కాబట్టి కాలేజీ ఫీజు రసీదు పక్కన పెట్టుకుని ఏది ఎక్కువో చూసి అప్పుడు అప్లై చేయండి. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు.

ప్రైవేటువాటిలో రిలయన్స్ ఫౌండేషన్‌ది ఫస్టియర్‌లోనే పెట్టుకోవాలి. ఇంటర్‌లో 60 శాతం, ఆదాయం 15 లక్షల లోపు, 2.5 లక్షల లోపు వాళ్లకు ప్రాధాన్యం. ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది. ఎంపికైతే డిగ్రీ మొత్తానికి 2 లక్షల దాకా. వస్తే సంతోషం, కానీ ఆ లెక్క మీద అప్పు మాత్రం చేయకండి.

ఇక మీ అమ్మాయి సేవ అక్కరకొచ్చేది ఎక్కువగా పీజీకి, విదేశీ చదువుకి వెళ్లేటప్పుడు. బ్రిటన్‌లో చదువుకిచ్చే చెవెనింగ్, రోడ్స్ స్కాలర్‌షిప్‌ల లాంటివాటిలో నువ్వేం నడిపించావ్ అనే అడుగుతారు. ఎన్ఎస్ఎస్‌లో రెండేళ్లకు 240 గంటలు, ఒక ఏడు రోజుల క్యాంపు పూర్తిచేసి సర్టిఫికెట్ తీసుకోమనండి. నాకైతే దానికన్నా ఆ అరుగు ట్యూషనే గొప్పగా కనిపిస్తోంది, ఎందుకంటే ఎవరూ చెప్పకుండా తనంతట తను మొదలుపెట్టింది. ఒక వంద పేజీల నోట్‌బుక్ కొనివ్వండి. ఏ రోజు ఎంతమంది పిల్లలొచ్చారు, ఎవరికి ఎక్కాలు రావు, వరదొచ్చి ఎన్నాళ్లు ఆగింది, అన్నీ తేదీలతో రాయాలి. మూడేళ్ల తర్వాత కూర్చుని గుర్తు తెచ్చుకుంటే ఏదీ గుర్తుండదు.

ఆదాయ సర్టిఫికెట్ సచివాలయంలో ఇప్పుడే పెట్టేయండి. ఆధార్‌లో, టెన్త్ మెమోలో పేరు స్పెల్లింగ్ ఒకటేనా, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకయిందా చూడండి. ఆ నాలుగు వేలు అమ్మాయి బస్సు ఛార్జీలకు ఉంచండి.