కత్తి దించిన తరువాతి కాటన్

చిరంజీవి మిత్రునికి ఆశీస్సులు.

ఆర్థర్ కాటన్ మీద మీరు రాస్తున్న నవలలో మొదటి నాలుగు అధ్యాయాలు చదివాను. భాష బాగుంది. మూడో అధ్యాయం చివర "బర్మా యుద్ధంలో అలవడిన క్రమశిక్షణతోనే ఆయన గోదావరిని జయించాడు" అన్న వాక్యం దగ్గర మాత్రం నాకు ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ యుద్ధం 1826లో ముగిసింది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైంది. నడుమనున్న ఇరవయ్యొక్క ఏళ్ళను మీరు ఒక్క వాక్యంతో దాటేశారు. ఒక సైనికాధికారి ప్రభుత్వ నిర్మాణాలకు పెద్ద దిక్కుగా తయారైనది ఆ ఏళ్ళలోనే. కావేరి పాయ అయిన కొళ్ళిడం మీద ఆనకట్టలు కట్టించినది అప్పుడే. లోతు అంతుపట్టని ఇసుకలో పునాది ఎలా నిలపాలో కావేరి మీది ప్రాచీన ఆనకట్ట కల్లణైని కట్టిన పూర్వుల దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాసుకున్నాడు. గోదావరి అడుగునా ఇసుకే కదా! సైన్యంలో పైవాడు ఆజ్ఞాపిస్తే కిందివాడు కదులుతాడు. ప్రభుత్వ పనిలో పైవాణ్ణి కదిలించవలసినవాడు ఇంజనీరే. కరువుకు జనం ఎలా చితికిపోయారో, శిస్తు ఎంత పడిపోయిందో, పెట్టిన ఖర్చు ఎలా తిరిగి వస్తుందో లెక్కగట్టి, కంపెనీ ప్రభుత్వం ఒప్పుకునేదాకా వాదించాలి. 1844లో కాటన్ ఆనకట్ట కావాలని సిఫారసు చేస్తే, పని మొదలు కావడానికి మరి మూడేళ్ళు పట్టింది. నవల ఉన్నది అక్కడ.

నా తొలి నవలలో, సైన్యం నుంచి వచ్చిన ఒక ఇంజనీరు లాంతరు ముందు కూర్చుని పని కొలతలు రాసే ఎం-బుక్కులో పొడవు, వెడల్పు గడులు నింపి, లోతు గడి దగ్గర కలం ఆపుతాడు. కాంట్రాక్టరు చెప్పిన లోతుకూ, తాను కర్ర దించి చూసిన లోతుకూ పొంతన లేదు. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ పేజీలను ఎర్రసిరాతో కొట్టేసి, "పాఠకులకు లెక్కలెందుకు, తుపాకీ పేలే ఘట్టం పెట్టండి" అని రాశాడు. నేను రాతప్రతి వెనక్కి తెచ్చుకున్నాను. ఆ తరువాత చాలాకాలం నా కవర్లు విప్పకుండానే తిరిగి వచ్చేవి. ఇప్పటి సంపాదకులకు ఎర్రసిరా లేదు గాని, తుపాకీ మీద మోజు తగ్గలేదు.

1848లో ఆరోగ్యం చెడి కాటన్ ఆస్ట్రేలియా వెళ్ళాడు. పనిని కెప్టెన్ ఆర్ నడిపించాడు. మీ నాలుగో అధ్యాయంలో కాటన్ ఒక్కరోజైనా గట్టు దిగడు. నాయకుడు పని మధ్యలో వెళ్ళకూడదని మీకెవరు చెప్పారు? తాను లేకపోయినా సున్నం నలుగుతూ, రాయి తరలుతూ ఉండేలా పనివాళ్ళను అమర్చి వెళ్ళడంలోనే పెద్ద అధికారి సత్తా తెలుస్తుంది. పైగా ఆనకట్ట పనిలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న మీ చేతిలో పేరైనా లేని "నమ్మకస్థుడైన సహాయకుడు" అయిపోయాడు. ఇది నేను సహించలేను.

ప్రచురణకర్తల గురించి మీరడిగిన ప్రశ్నలకు ఇప్పుడు జవాబు రాయను. 1878లో, ఉద్యోగ విరమణ చేసిన చాలా ఏళ్ళకు, బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ ముందు కాలువల కోసం వాదించిన ముసలి కాటన్ మీ ప్రణాళికలోనే లేడు. ముందు ఆ అధ్యాయం రాయండి. ఆ తరువాత ఆ ఇరవయ్యొక్క ఏళ్ళూ రాసి, రెండూ కలిపి పంపండి. యుద్ధఘట్టం మళ్ళీ పంపనక్కరలేదు.